ఇరవై ఏడు తాడు ముక్కలు

నమోదు 1, సోమవారం

ఈ పుస్తకంలో పేజీ చింపకూడదు. రాసింది కొట్టేయకూడదు. చేసిన పని, చూసిన విషయం, విన్న మాట రోజూ సొంత చేతిరాతతో రాసి, సాయంత్రం ఐదు గంటలకి పైవాళ్ళ సంతకం పెట్టించుకోవాలి. పాదచారుల న్యాయ సహాయ కేంద్రంలో చేరే ప్రతి విద్యార్థికీ ఇదే మొదటి నియమం. యంత్రం దాచిన దాన్ని యంత్రమే మార్చగలదు కాబట్టి, మనుషుల మాట చేత్తో రాసిన కాగితం మీద ఉంటేనే కోర్టు నమ్ముతుందట. వీరభద్రం మేస్టారు ఈ నియమాన్ని శిక్ష చదివినట్టు చదివారు. నాకు మాత్రం పండగలా ఉంది. రోజంతా చూసింది రాయమని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నా పేరు వరిగేటి ప్రసూన. న్యాయ కళాశాలలో మొదటి ఏడాది. ఈరోజు కేంద్రం ఊడ్చాను. కుండీలకి నీళ్ళు పోశాను. బీరువాలో ఉన్న ఫైళ్ళకి దుమ్ము దులిపాను. మొత్తం ఇరవై ఏడు. పన్నెండేళ్ళకి ఇరవై ఏడు కేసులే! అమలాపురంలో గూడుబండి మనిషిని గుద్దడం అంత అరుదు. బళ్ళన్నిటినీ నడిపే యంత్రం దారిపెద్ద ఎప్పుడూ పొరబడదని ఊరంతటికీ నమ్మకం. రోడ్డు దాటబోతే పక్క స్తంభంలోంచి "దయచేయండి, ముందు మీరే" అంటుంది. మా అమ్మ కూడా నాతో అంత మర్యాదగా మాట్లాడదు.

"అందుకేనమ్మా మన పని కష్టం," అన్నారు మేస్టారు. "బండిని మనిషి నడిపే రోజుల్లో దెబ్బ తగిలిన వాళ్ళని చూసి అయ్యో అనేవారంట. ఇప్పుడు నువ్వేం చేశావని అడుగుతున్నారు."

మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా మేస్టారు కళ్ళు మూసుకుని ఒక కేసు గురించి ఆలోచించారు. గురక పెడుతూ ఆలోచించేవాళ్ళని ఈరోజే చూశాను.

ఈరోజు దొరికిన మాట: ఆనవాలు. పాత ఫైల్లో కనిపించింది. రెండుసార్లు పైకి చదువుకున్నాను.

నమోదు 2, మంగళవారం

నిన్నటి పేజీ మీద మేస్టారు చదవకుండానే సంతకం పెట్టారు. గురక సంగతి బయటపడలేదు.

ఈరోజు నా మొదటి కేసు వచ్చింది. కాలికి కట్టుతో ఒక పెద్దావిడ, చక్రాల కుర్చీలో. వెనక ఆవిడ కోడలు, చెమటలు కక్కుకుంటూ. పీచుపేట నుంచి మూడు మైళ్ళు కుర్చీ తోసుకుంటూ వచ్చారు.

"గూడుబండి ఎక్కలేదా అండీ?" అన్నాను.

"నన్ను గుద్దిందే అది. దాన్నెక్కి దాని మీదే పిర్యాదు చెయ్యడానికి వత్తానా?" అంది పెద్దావిడ.

"కూర్చోండి," అన్నాను కంగారులో.

"కూచునే ఉన్నాను కదమ్మా. కుర్చీతో సహా వచ్చాను."

ఆవిడ పేరు మరిడమ్మ. కోడలి పేరు సీతారత్నం. మరిడమ్మ గారు కొబ్బరి పీచుతో తాడు పేనుతుంది. కోనసీమలో చేత్తో తాడు పేనే ఇళ్ళు పీచుపేటలో నాలుగే మిగిలాయట. నేను రాసుకున్న వాంగ్మూలం ఇది: "పదిరోజుల కిందట పొద్దున్న కాలవ గట్టు మీద పనిలో ఉన్నాను. నా కోడలు రాట్నం తిప్పుతోంది. నేను నడుస్తున్నాను. వెనకనుంచి గూడుబండి వచ్చి నా మడమ మీదకి ఎక్కింది." నాలుగు వాక్యాలు. ఇంకేమైనా చెప్పాలా అని రెండుసార్లు అడిగాను. "ఇంకేవుంటాదమ్మా, అదే జరిగింది," అంది.

మేస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "చూడండి మరిడమ్మ గారూ, తప్పు బండిదని తేలితే మీ మడమకి కొత్త కీలు వాళ్ళే వేయించాలి. మళ్ళీ మామూలుగా నడుస్తారు. తప్పు మీదని తేలితే వైద్యం వాళ్ళకి సంబంధం లేదు. అదొక్కటే కాదు, మీ చేతికి తడబాటు కడియం వేస్తారు. అది ఉన్నవాళ్ళు బళ్ళు తిరిగే దారిలో అడుగు పెట్టకూడదు."

"గట్టు మీద కూడానా అండి?"

"గట్టు మీద బళ్ళు తిరగవు కదా?"

"పోయిన నెల్లోంచి తిరుగుతున్నాయండి," అంది సీతారత్నం. "వంతెన బాగుచేత్తన్నారని ఇటు మళ్ళించారు. ఆ తర్వాత ఇంక మానలేదు."

మరిడమ్మ గారు నెమ్మదిగా, "గట్టు లేకపోతే నాకు పనేదండి? నలభయ్యేళ్ళ నించి ఆ గట్టు మీదే నడుత్తున్నాను," అంది.

వెళ్ళేముందు ఒళ్ళోంచి తాడు చుట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. మా సహాయం ఉచితమని మేస్టారు అన్నా వినలేదు. "ఊరికే చేయించుకునే అలవాటు లేదు బాబూ. రాట్నం మీంచి దిగిన ఆకరి తాడు ఇదే. ఉంచండి," అంది. చుట్ట ముట్టుకుంటే అరచెయ్యి గరగరలాడింది. తాడు ఎలా పేనుతారో నేనెప్పుడూ చూడలేదు. బాసింపట్టు వేసుకుని కూర్చుని చేస్తారేమో. అయితే మరి నడవడం ఎందుకు? దారిలో ఎక్కడికో వెళ్తోంది కాబోలు. రేపు అడగాలి.

నమోదు 3, బుధవారం

అడగడం మరిచిపోయాను. ఈరోజంతా ఫైళ్ళ పని.

బీరువాలో ఫైళ్ళకి కట్టిన నాడాలు చెమ్మకి చివికిపోయాయి. పట్టుకుంటే పొడి రాలుతోంది. "ఆ తాడు ఊరికే పడుంది కదమ్మా, దాంతో కట్టెయ్," అన్నారు మేస్టారు. చుట్ట పై కొస నుంచి మొదలుపెట్టి మూడేసి మూరలు కొలిచి కోశాను. ఒకటో నంబరు ఫైలు నుంచి ఇరవై ఏడో నంబరు దాకా వరసగా కట్టాను. సరిగ్గా సరిపోయింది! చివరి ముక్క మాత్రం రెండు మూరలే. దాని కొస పీచు పీచుగా విడిపోయి ఉంది. పారేద్దామనుకుని, పాపం అనిపించి, అన్నిటికన్నా సన్నంగా ఉన్న ఇరవై ఏడో ఫైలుకి కట్టాను. బీరువా ఇప్పుడు కొత్త పెళ్ళికూతురిలా ఉంది.

సాయంత్రం గూడుబళ్ళ కంపెనీ తరఫు లాయరు అద్దేపల్లి విశ్వపతి గారు వచ్చారు. పాత కేసు ఏదో మళ్ళీ విచారణకి వస్తోందని పంతొమ్మిదో నంబరు ఫైలు తీసుకెళ్ళారు. మంచి మనిషి. నన్ను "మీరు" అన్నారు. ఆయన మీసం రెండు పక్కలా పైకి తిరిగి సైకిల్ హ్యాండిల్‌లా ఉంటుంది. మాట్లాడుతుంటే ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ వంగుతుంది. ఎటు మలుపు తిరుగుతారో ముందే తెలిసిపోతుందన్న మాట.

నమోదు 4, గురువారం

వాన. కేంద్రంలో రెండు చోట్ల కారింది. బకెట్లు పెట్టాను. మరిడమ్మ గారి కేసు పై గురువారం విచారణకి వస్తుందని కబురు. జడ్జి పులపర్తి సువర్ణ గారట. చాలా కఠినమని మేస్టారు అన్నారు. ఆవిడ నవ్వడం ఎవరూ చూడలేదట.

ఈరోజు దొరికిన మాట: తొలకరి. నాకు ముందే తెలుసు, కానీ ఈరోజు బకెట్ చప్పుడు వింటూ రాస్తుంటే కొత్తగా దొరికినట్టు ఉంది.

నమోదు 5, శుక్రవారం

దారిపెద్ద నుంచి ప్రమాదం నమోదు వచ్చింది. మూడే సెకన్ల దృశ్యం. నడిచేవాళ్ళ జాడ అంతకన్నా ఎక్కువ దాచకూడదని చట్టం. మన అమ్మమ్మల తరం వాళ్ళు కొట్లాడి మరీ తెచ్చుకున్న చట్టం అది. నేను చాలా గర్వపడే చట్టం. ఈరోజు దాని మీద మొదటిసారి కోపం వచ్చింది.

ఆ మూడు సెకన్లలో ఉన్నది ఇది. గట్టు మీద గూడుబండి తూర్పు వైపు వెళ్తోంది. ముందర మరిడమ్మ గారు. ఆవిడ ముఖం తూర్పుకే ఉంది, బండికి వీపే కనిపిస్తోంది. అంటే ఆవిడ కూడా తూర్పుకే పోతున్నట్టు. ఉన్నట్టుండి పడమరకి, బండి వైపు, మూడడుగులు వచ్చేసింది. కింద దారిపెద్ద రాసిన మాట: "ఆకస్మిక తిరోగమనం."

ఎంత అందమైన మాట! ఎంత అన్యాయమైన మాట!

రోడ్డు మీదకి వెళ్ళి స్తంభాన్నే అడిగాను. "దారిపెద్ద గారూ, ముందుకు పోయే మనిషి ఉన్నట్టుండి వెనక్కి ఎందుకు గెంతుతుంది?"

"క్షమించాలి," అంది. "కారణాలు నా వద్ద లేవు. అడుగులు మాత్రమే ఉన్నాయి. మీ చెప్పు తెగేలా ఉంది, జాగ్రత్త."

నిజంగానే తెగింది. చెప్పు చేత్తో పట్టుకుని తిరిగొచ్చాను.

నమోదు 6, శనివారం

మేస్టారు ప్రమాదం నమోదు మూడుసార్లు చూశారు. "రాజీకి వెళ్దామా అని ఆలోచిస్తున్నానమ్మా," అన్నారు. రాజీ అంటే కడియం ఒప్పుకోవడం, బదులుగా కాలికి వైద్యం చేయించుకోవడం. కాలు బాగవుతుంది, కానీ ఆ కాలితో గట్టు ఎక్కకూడదు. అది రాజీ ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. అదే అన్నాను. మేస్టారు ఆ నమోదు మళ్ళీ ముందేసుకున్నారు. ఈరోజు మధ్యాహ్నం నిద్రపోలేదు కూడా.

రాజీ కాగితం మీద వేలిముద్ర తెమ్మని నన్ను సోమవారం పీచుపేట పంపిస్తున్నారు.

నమోదు 7, సోమవారం

వరసగా రాస్తాను.

పీచుపేట నడిచే వెళ్ళాను. గట్టు మొదట్లో గుంజకి బిగించిన రాట్నం ఉంది. దాని పక్కన మరిడమ్మ గారు కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టి, రాట్నం తిప్పుతోంది. సీతారత్నం నడుముకి పీచు సంచి కట్టుకుని, రాట్నం కొక్కేనికి పీచు తగిలించి, రెండు చేతులతో పీచు అందిస్తూ, అత్తగారి వైపే చూస్తూ, వెనక్కి నడుస్తోంది. ఒక్కొక్క అడుగు వెనక్కి. ఆవిడ వేళ్ళ మధ్య నుంచి తాడు పుట్టుకొస్తోంది. ఆవిడ వెనక గట్టు వంపు తిరిగి కాలవ ఉంది.

"ఆగండి! వెనక కాలవ!" అని అరిచాను.

"కాలవెక్కడుందో నా ఈపుకి తెల్సులెండి," అంది సీతారత్నం, ఆగకుండానే వంపు తిరిగి.

రాజీ కాగితం నా చేతిలోంచి జారిపోయింది. "మరిడమ్మ గారూ! ఆ రోజు మీరు కూడా ఇలాగే నడుస్తున్నారా? వెనక్కి?"

"మరెలా నడుత్తారమ్మా?"

"ఈ సంగతి వాంగ్మూలంలో ఎందుకు చెప్పలేదు?"

"ఏ సంగతి?"

"వెనక్కి నడుస్తున్నారని!"

మరిడమ్మ గారు రాట్నం ఆపి, నా తెలివి మీద బెంగ పెట్టుకున్నట్టు చూసింది. "పేనేవోళ్ళు రాట్నం కేసి నడిత్తే తాడు ఎక్కడికి పోద్దీ? పొద్దున్న నువ్వు అన్నం తిన్నావనుకో. నోటితోటే తిన్నానని కాయితం మీద రాయిత్తావా?"

నేను గట్టు మీద కూలబడి నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండానే వాళ్ళూ నవ్వారు. దారిపెద్ద కోట్ల అడుగులు చూసింది, కానీ ముఖం ఒక వైపు, నడక ఒక వైపు ఉన్న మనిషిని చూడలేదు. వీపు కనిపిస్తోంది కాబట్టి ఆవిడ తన ముందర దూరంగా పోతోందనుకుంది. ఆవిడేమో మొదటి నుంచీ దాని వైపే వస్తోంది.

నవ్వు ఆగాక భయం వేసింది. మేము ఈ మాట చెబితే విశ్వపతి గారు ఏమంటారు? అలవాటు ఉండొచ్చు, ఆ రోజు మాత్రం ఆగి, ఏ బెదురుకో వెనక్కి గెంతి ఉంటుంది అంటారు. సీతారత్నం చూసిందంటే ఇంటి మనిషి మాట అంటారు. మూడు సెకన్లకి ముందు ఏం జరిగిందో ఇంకెవరు చెప్పగలరు?

"తాడు చెబుద్ది," అంది మరిడమ్మ గారు.

"తాడా?"

"రాట్నం ఒకేలా తిరుగుద్ది. మనం ఒకేలా ఎనక్కి నడిత్తే పురి ఒకేలా పడద్ది. ఆగావనుకో, పురి ముడుచుకుపోద్ది. గెంతావనుకో, వదులైపోద్ది." సీతారత్నం పేనిన తాడు వేళ్ళతో తడిమింది. "ఇదిగో, ఇక్కడ నువ్వు కేకేశావు. పిల్ల ఆగలేదు గానీ ఉలిక్కిపడింది. చూడు."

చూశాను. నిజంగా అక్కడ మెలికలు కాస్త దగ్గర పడ్డాయి. నా కేక తాడులో ఉంది!

"అయితే ఆ రోజు పేనిన తాడు ఉంటే చాలు! ఎక్కడుంది?"

"నీకే కదమ్మా ఇచ్చాను. రాట్నం మీంచి దిగిన ఆకరి తాడని చెప్పాను కూడాను."

ఈరోజు దొరికిన మాట: పురి. ఇంకేమీ రాయలేను.

నమోదు 8, మంగళవారం

మేస్టారికి చెప్పాను. నేనే కోశాను, ఇరవై ఏడు ముక్కలు చేశాను అన్నాను. ఆయన బీరువా తెరిచి చాలాసేపు చూశారు.

"కట్టమన్నది నేనే కదమ్మా," అన్నారు. "ఏ ముక్క దేని తర్వాతదో తెలిస్తే చాలు. తెలుసా?"

పుస్తకం తెరిచి మూడో నమోదు చూపించాను. పై కొస నుంచి, ఒకటో ఫైలు నుంచి, వరసగా. కింద ఆ రోజు ఆయన సంతకం. మేస్టారు నా నెత్తి మీద చెయ్యి వేశారు. తర్వాత పేజీలు వెనక్కి తిప్పబోయారు. నేను పుస్తకం లాక్కున్నాను.

ఫైళ్ళు విప్పి ప్రతి ముక్కకీ ఫైలు నంబరు చీటీ కట్టాను. ఇరవై ఆరే ఉన్నాయి. పంతొమ్మిదో నంబరు విశ్వపతి గారి దగ్గరుంది. వాళ్ళ ఆఫీసుకి పరుగెత్తాను.

"ఆ తాడా? భలే గట్టిది. నా క్యారేజీ మూత ఊడిపోతుంటే దానికి కట్టుకున్నాను," అన్నారు. ముక్కకి మామిడికాయ పప్పు వాసన. "అయినా తాడు ముక్క కోసం ఇంత ఆయాసమెందుకు?"

అబద్ధం చెప్పొచ్చు. నాకు చేత కాలేదు. "మీ మీద సాక్ష్యం అండీ," అన్నాను.

ఆయన మీసం కుడికి వంగింది. మొత్తం విన్నారు. విని, తాడు విప్పి, మడత పెట్టి నా చేతికిచ్చారు. "ఇవ్వకపోతే తప్పవుతుంది. కానీ అమ్మాయి గారూ, ముక్కల వరస మీ పుస్తకంలోనే ఉందంటున్నారు. అంటే ఆ పుస్తకం కూడా సాక్ష్యమే. కోర్టులో మొదటి పేజీ నుంచి చదివే హక్కు నాకుంటుంది." మీసం ఎడమకి వంగింది.

నమోదు 9, బుధవారం

మొదటి పేజీ నుంచి చదివాను. గురక ఉంది. మీసం ఉంది. జడ్జి గారు నవ్వడం ఎవరూ చూడలేదన్న మాట ఉంది. మీసం మళ్ళీ ఉంది, నిన్న.

"మేస్టారూ, ఒక్క పేజీ..."

"చింపకూడదు."

"ఒక్క వాక్యం..."

"కొట్టేయకూడదు. అంత భయపడేంత ఏం రాశావమ్మా?"

నేను కుండీలకి నీళ్ళు పోశాను. పొద్దున్న ఒకసారి పోసిన సంగతి తర్వాత గుర్తొచ్చింది.

నమోదు 10, గురువారం

గెలిచాం. ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే వరసగా రాసేదాకా ఆగలేను. ఇప్పుడు వరసగా.

ముక్కలు పేర్చడానికి కోర్టు గది చాలలేదు. జడ్జి గారి బల్ల దగ్గర ఒకటో ముక్క మొదలై, తలుపు దాటి, వరండా పొడుగునా వెళ్ళి, మెట్లు దిగి, ఇరవై ఏడోది గేటు పక్క దారిపెద్ద స్తంభం కింద ఆగింది. జనం తొక్కకుండా సీతారత్నం చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని కాపలా తిరిగింది. "తాడు మీద అడుగెయ్యకండి బాబూ, మా అత్త కాలది!" అని ఒకటే కేకలు.

విశ్వపతి గారు లేచి నా పుస్తకం తెరిచారు. మొదటి నమోదు నుంచి పైకి చదివారు. గురక దగ్గరికి వచ్చేసరికి మేస్టారు నన్ను చూసిన చూపు ఇక్కడ వర్ణించను. మూడో నమోదుకి వచ్చేసరికి విశ్వపతి గారే ఒక క్షణం ఆగారు. "సైకిల్... హ్యాండిల్‌లా ఉంటుంది," అని పూర్తి చేశారు. కోర్టంతా గొల్లుమంది. నాలుగో నమోదు కూడా చదివారు. నేను బల్ల కిందకి దూరిపోదామనుకున్నాను.

"అమ్మా," అన్నారాయన జడ్జి గారితో, "మొత్తం వాదన ఈ వరస మీద ఆధారపడి ఉంది. ఆ వరస ఒక విద్యార్థిని రాతలో తప్ప ఎక్కడా లేదు. ఎందుకు నమ్మాలి?"

సువర్ణ గారు కళ్ళజోడు తీశారు. "విశ్వపతి గారూ, మీ మీసం గురించీ, సొంత మేస్టారి గురక గురించీ, నా గురించీ ఇంత రాసి, మీరు చదువుతారని తెలిశాక కూడా ఒక్క అక్షరం కొట్టేయని పిల్ల, తాడు గురించి అబద్ధం రాస్తుందా?" అని నవ్వారు. సువర్ణ గారు నవ్వారు! ఇది నేను కళ్ళారా చూశాను, రాసి పెడుతున్నాను.

ఆయన వదల్లేదు. ఇంకో పరీక్ష అడిగారు. మరిడమ్మ గారిని తల తిప్పుకోమని, వరండాలో రెండు ముక్కలు అటూ ఇటూ మార్చి, చీటీలు విప్పేశారు. ఆవిడ కుర్చీని నేనే తోశాను. వంగి ముక్కల మీద వేళ్ళు ఆనిస్తూ, కళ్ళు మూసుకుని వచ్చింది. "ఇక్కడ సీతారత్నం దగ్గింది. రాట్నం ఆగింది. ఇక్కడ కొత్త పీచు అందుకున్నాను, ముదురు పీచు." ఒక చోట ఆగి కళ్ళు తెరిచింది. "ఇదెవరు పెట్టారు? ముదురు పీచు మధ్యలోకి లేత పీచు ఎలా వచ్చుద్దీ? ఈ రెండూ మారిపోయాయి."

విశ్వపతి గారు వంగి స్వయంగా ముక్కలు సరిచేశారు.

చివరికి జడ్జి గారు దారిపెద్దని అడిగారు. స్తంభం మీద చిన్న దీపం వెలిగింది. తాడు వెంబడే చూస్తున్నట్టు వరండా దీపాలు కూడా ఒక్కొక్కటే వెలిగాయి.

"మొదటి ముక్క నుంచి ఇరవై ఆరో ముక్క వరకు మూరకి ఇరవై పురులు ఉన్నవి," అంది. "దగ్గి రాట్నం ఆపిన చోట మాత్రం పద్నాలుగు. ఇరవై ఏడో ముక్క కొసలో పురి లేదు. తాడు మొత్తం పొడవు ఎనభై మూరలు. రాట్నం గుంజ నుంచి ప్రమాద స్థలానికి కూడా ఎనభై మూరలే. ఈమె ఆగలేదు. గెంతలేదు. ఎనభై మూరలూ ఒకే వేగంతో నా వైపే వచ్చినది. ముఖం ఎటు ఉంటే నడక అటే అని నేను అనుకున్నాను. నేను చూసిన అడుగులన్నీ అటువంటివే. తిరోగమనం అని వ్రాయడం పొరబాటు. పొరబాటు నాది."

దారిపెద్ద ఆ మాట అనడం ఊళ్ళో ఎవరూ ఇంతవరకూ వినలేదు.

మరిడమ్మ గారు స్తంభం వైపు చూసి, "పోన్లే నాయనా. తెలవక చేశావు," అంది.

తీర్పు: మడమకి కొత్త కీలు కంపెనీయే వేయించాలి. కడియం లేదు. గట్టు మీద తాడు పేనేవాళ్ళు పనిలో ఉంటే బండి ఆగి ఉండాలి. తాడు పేనే నడకని దారిపెద్ద నేర్చుకోవాలి, నేర్పే మనిషిగా మరిడమ్మ గారిని కోర్టు నియమిస్తోంది.

"ఉజ్జోగమా!" అంది సీతారత్నం. "మా అత్తకి ఉజ్జోగమొచ్చింది!"

బయట విశ్వపతి గారు నా దగ్గరికి వచ్చారు. "ఎటు మలుపు తిరుగుతానో మీసం చూస్తే తెలిసిపోతుందని రాశారు కదా. ఇప్పుడు చూడండి." మీసం కొసలు రెండూ పైకే ఉన్నాయి. ఆయన నవ్వుతున్నారు.

ఈ పుస్తకం ఇరవై ఏడు ముక్కలతో పాటు కోర్టులోనే ఉండిపోతుంది. ఈ పేజీ రాసి అప్పగించడానికి గుమాస్తా గారు గంటసేపు ఆగారు. మేస్టారు చివరి సంతకం పెట్టారు. ఈసారి చదివి పెట్టారు. పక్కన చిన్న అక్షరాలతో ఇలా రాశారు: "నేను ఆలోచిస్తూనే ఉన్నాను."

కొత్త పుస్తకం, నమోదు 1, ఆదివారం

నెలన్నర అయింది. ఈరోజు సెలవు, అయినా పీచుపేట వెళ్ళాను. మరిడమ్మ పెద్దమ్మ కొత్త మడమతో గట్టు మీద ఉంది. ముందు కుంటింది, తర్వాత కుంటడం మరిచిపోయింది. వెనక్కి, వెనక్కి, కాలవ వంపు దాకా.

ఆవిడ వీపు వెనక పది గజాల్లో ఒక గూడుబండి వచ్చి ఆగింది. "పెద్దమ్మా, వెనక నేనున్నాను," అంది దారిపెద్ద.

"ఉండు. ఈ సంచి పీచు అయ్యేదాకా ఉండు."

"చిత్తం."

లోపల కూర్చున్నవాళ్ళు తల బయట పెట్టి చూశారు. ఒకాయన దిగి గట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకున్నాడు.

తర్వాత పెద్దమ్మ సంచి నా నడుముకి కట్టింది. సీతారత్నం వదిన రాట్నం తిప్పింది. నేను వెనక్కి నడిచాను. నాలుగు అడుగులకే పీచు తెగింది. మళ్ళీ. మళ్ళీ. చివరికి ఏడు మూరల తాడు పేనాను. అక్కడక్కడ పాము గుడ్డు మింగినట్టుంది, అయినా తాడే.

పెద్దమ్మ దాన్ని వేళ్ళతో చదివింది. "ఇక్కడ భయపడ్డావు. ఇక్కడ నవ్వావు. ఇక్కడ..." ముడుచుకుపోయిన ఒక మెలిక దగ్గర ఆగింది. "ఇక్కడ ఆగిపోయావు. కాలవేం లేదు, బండేం లేదు. ఏమైందే?"

"ఒక మాట గుర్తొచ్చింది పెద్దమ్మా."

"ఏం మాట?"

"జాడ."

ఆవిడ పెదవుల మీద ఆ మాట అటూ ఇటూ తిప్పి చూసింది. "మాట బాగుంది. తాడు పాడైంది," అంది. "మాట రాసేసుకో. తాడు మళ్ళీ పేనుదువుగాని."

రాసుకున్నాను. ఆ ఏడు మూరల తాడుతోనే ఈ కొత్త పుస్తకం కట్టాను. ఎక్కడ ఆగానో తాడులో ఉంది. ఎందుకు ఆగానో ఇక్కడ ఉంది.